బావ వెనకాల బస్సు

మా డిపోలో నన్ను రూళ్ళకర్ర అంటారు. మొహం మీద ఎవరూ అనరు గానీ, అద్దంలో చూసి వెనకవాళ్ళు ఏమనుకుంటున్నారో కనిపెట్టడం ఇరవై ఏళ్ళు బస్సు నడిపినవాడికి ఒకరు నేర్పాలా? మా బావని గడియారం అంటారు. ఆయన్ని మాత్రం మొహం మీదే అంటారు, ఆయన పలుకుతాడు కూడా. ఆ గడియారం ఎనిమిది నెలలపాటు నాతో పలకలేదు. మళ్ళీ పలికింది ఒక ఆదివారం పొద్దున, నడిరోడ్డు మీద, నేను నడుపుతున్న బస్సు ముందు కూలబడి.

బావ అంటే మా అక్క భర్త. వయసు యాభై నాలుగు. ఇరవై ఏడేళ్ళు స్టీరింగు పట్టుకున్న మనిషి. నన్ను డిపోలో చేర్పించింది ఆయనే, పని నేర్పిందీ ఆయనే. మొదటి రోజే చెప్పాడు, "బస్సు ఆలస్యమైతే తిట్లు తింటే సరిపోతుంది. ముందే వెళ్ళిపోయావనుకో, టైముకొచ్చి నిలబడ్డవాడికి ద్రోహం చేసినట్టే" అని. అందుకే ప్రతి రూటులోనూ మూడు నాలుగు చోట్ల టైము స్టాపులుంటాయి. అక్కడికి ముందుగా చేరితే, కార్డులో రాసిన నిమిషం వచ్చేదాకా బస్సు కదలకూడదు. మిగతా డ్రైవర్లు ఆ నియమాన్ని చూసీచూడనట్టు పోనిస్తారు. బావ అలా కాదు. వెనక జనం గొంతు చించుకుంటున్నా సరే, చేతిగడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చాకే బ్రేకు వదిలేవాడు. ఆయన్ని తిట్టుకుంటూ దిగినవాళ్ళే మర్నాడు ఆయన బస్సుని చూసి తమ గడియారాలు సరిచేసుకునేవాళ్ళు.

ఎనిమిది నెలల కిందట, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, ఆయన బస్సు డిపోలోకి వచ్చి గీతల మధ్య సరిగ్గా ఆగింది. ఇంజను ఆగింది. మనిషి దిగలేదు. ఆ వారం యార్డు చూసుకునే పని నాది. రెండు నిమిషాలు చూసి పైకెక్కాను. బావ స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. "బావా" అని మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి భుజం పట్టి కుదిపితే తేరుకున్నాడు. చుట్టూ చూశాడు. చొక్కా సరిచేసుకున్నాడు.

"ఏం లేదురా, ఎండదెబ్బ. రాయకు," అన్నాడు. "మీ అక్కకి అసలు చెప్పకు."

యార్డు ఆఫీసులో ఒక రిజిస్టరు ఉంటుంది. డ్రైవరుకి ఒంట్లో ఏ తేడా కనిపించినా, చూసినవాడు అందులో రాసి సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. పెన్ను మూత తీశాను, పెట్టాను. మళ్ళీ తీశాను. నాకు బతుకుతెరువు చూపించిన మనిషి ఆయన. కానీ ఇరవై నిమిషాల ముందు ఆ బస్సు వంతెన మీద ఉంది, లోపల అరవై మంది ఉన్నారు. చివరికి రాశాను. తేదీ, టైము, నేను పిలిచిన నాలుగు పిలుపులు, ఏదీ వదలకుండా రాశాను. సాయంత్రానికల్లా బావ చేతిలోంచి స్టీరింగు పోయి టైర్ల గోడౌను తాళాలు వచ్చాయి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఎదురుపడితే నా వెనక గోడమీద ఏదో రాసి ఉన్నట్టు దాన్నే చూస్తూ వెళ్ళిపోయేవాడు.

డాక్టర్లు తలకీ గుండెకీ పరీక్షలన్నీ చేశారు. పెద్ద జబ్బేమీ లేదని తేల్చారు. మంచిదే. కానీ ఎందుకొచ్చిందో తెలియనిది మళ్ళీ రాదని చెప్పేదెవరు? తొమ్మిది నెలల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. అప్పుడు ఒక ఫారం ఇవ్వాలి. అందులో రెండు గళ్ళు ముఖ్యమైనవి. మధ్యలో అలా మళ్ళీ జరిగిందో లేదో డ్రైవరు తన చేత్తో రాయాలి. తాము కనిపెట్టి చూశామని, మనిషి బాగానే ఉన్నాడని ఇంట్లోవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలి. ఆ ఇంట్లో బావ కాకుండా ఉన్నది అక్క ఒక్కతే.

అక్క పెట్టనంది.

"టైర్లు లెక్కపెట్టుకుంటూ బతకండి," అంది. "నాకు మీరు కావాలి, మీ బస్సు కాదు."

బావ రెండు వారాలు బతిమాలాడు, రెండు వారాలు అలిగాడు. ఒకరోజు ఇద్దరూ బస్సు కోసం స్టాపులో నిలబడి ఉండగా మళ్ళీ అదే రగడ. ఏం చేస్తే నమ్ముతావని ఆయన అడిగాడు. ముందు ఆగి ఉన్న బస్సు వెనక మారథాన్ ప్రకటన అంటించి ఉంది. అక్క దాన్ని చూపించి, "అదిగో, ఆ నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తండి. వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకొచ్చే బస్సు ఎక్కకుండా నా ముందుకి రండి. కళ్ళు మూసుకుని పెడతాను సంతకం," అంది. ఉత్త వెటకారం. రెండో అంతస్తు ఎక్కితే గోడ పట్టుకునే మనిషితో ఇంకెలా మాట్లాడుతుంది? అయితే మా బావకి వెటకారం ఎక్కదు. మర్నాడే వెళ్ళి పేరిచ్చి వచ్చాడు.

అక్క నాకు ఫోను చేసి గొల్లుమంది. "నోరు జారానురా. వద్దని చెప్పరా," అంటుంది. నేను చెబితే వింటాడా? నా మొహమే చూడటం లేదాయె.

గుండె డాక్టరు పరుగు యంత్రం మీద ఎక్కించి చూసి, మెల్లగా మొదలుపెట్టుకోమన్నాడట. మొదటి రోజు బావ డిపో గోడ చుట్టూ ఒక్క చుట్టు పూర్తి కాకముందే గేటు దగ్గర మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. వాచ్‌మన్ తన కుర్చీ ఇచ్చాడు. డిపో అంతా కిటికీల్లో నిలబడి చూసింది. మర్నాడు కుర్చీ అక్కర్లేకుండా ఒక చుట్టు. వారం తిరిగేసరికి మూడు. రెండో నెల వచ్చేసరికి గోడ సరిపోక తన పాత రూటు పట్టుకున్నాడు. పద్నాలుగు కిలోమీటర్లు, ఇరవై రెండు స్టాపులు. నేను నా బస్సులో ఎదురొచ్చినప్పుడల్లా చూసేవాణ్ణి. ప్రతి స్టాపు దగ్గరా ఆగేవాడు. గడియారం చూసుకుని, ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరూ ఎక్కడం లేదని తేల్చుకుని మరీ బయలుదేరేవాడు.

మా బస్సులో జనానికి అదొక వినోదం. "మీ గడియారం డీజిల్ లేకుండానే నడుస్తోందండీ," అనేవాళ్ళు. నేను చెయ్యెత్తేవాణ్ణి. ఆయన నా బస్సు నంబరు చూసుకుని వెళ్ళిపోయేవాడు. అది నాకు ఎంత బాధగా ఉండేదో ఎవరితో చెప్పుకోను?

ఇంట్లో తమాషా వేరు. మడమలు చిట్లి, రెండు కాలిగోళ్ళు నల్లబడి వచ్చిన మనిషిని కుర్చీలో కూలేసి, నీళ్ళ తొట్టిలో ఐసు ముక్కలు వేసి కాళ్ళు పెట్టించేది అక్కే. "సంతకం పెట్టననేదీ నేనే, కట్లు కట్టేదీ నేనే. ఏం ఖర్మరా నాది," అనేది ఫోనులో. అలా అంటూనే, మొన్న ముప్పై కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళొచ్చారని చెప్పేది. ఆగకుండా అంటే, స్టాపుల దగ్గర ఆగడం లెక్కలోకి రాదన్నమాట. ఆ గొంతులో భయం ఎంత, గొప్ప ఎంత అన్నది అక్కకే తెలియాలి.

పరుగు ఇంకో వారం ఉందనగా అక్క డిపోకే వచ్చింది. పరిగెత్తేవాళ్ళ వెనకాల ఒక బస్సు వెళ్తుంది. టైముకి అందుకోలేకపోయినవాళ్ళని ఎక్కించుకు వస్తుంది. నిర్వాహకులు దానికేదో మంచి పేరే పెట్టారు, మేం మాత్రం ఏరుకునే బస్సు అంటాం. ఏటా మా డిపోనే పంపిస్తుంది.

"ఆ బస్సు నువ్వే నడపాలి," అంది అక్క. "నర్సుకి తోడు ఒక మనిషి కావాలన్నారు, నేను పేరిచ్చాను. ఆయన ఎక్కడ పడినా ముందు నేనుండాలి."

"నన్ను చూస్తే ఆయనకి మండుతుంది."

"మండనీ. ఆ మంటకైనా పరిగెడతారు," అంది. ఆ వెంటనే, "కాస్త తడబడితే చాలు, ఎక్కించెయ్యి," అంది.

నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే నాకేం కావాలో నాకే తెలియలేదు. ఆయన చివరిదాకా పరిగెడితే నేను చేసిన గాయం మానుతుంది, మళ్ళీ నాతో మాట్లాడతాడు. కానీ పరిగెడితే సంతకం పడుతుంది, సంతకం పడితే స్టీరింగు వస్తుంది. స్టీరింగు అనుకోగానే నాకు ఆ వంతెన గుర్తొచ్చేది.

ఐదు గంటలకి పరుగు మొదలైంది. గడువు ఆరున్నర గంటలు, అంటే పదకొండున్నర. నా కార్డులో ఐదు టైములు రాసి ఉన్నాయి. పది కిలోమీటర్ల బోర్డు ఆరూ ముప్పై రెండుకి, సగం దూరం ఎనిమిదింబావుకి, ముప్పై తొమ్మిదీ ముప్పై ఏడుకి, ముప్పై ఐదు పదీ ఇరవై నాలుగుకి, నలభై పదకొండూ పదికి. ఆ నిమిషానికి ఎవరు బోర్డు దాటలేదో వాళ్ళని ఎక్కించుకోవాలి. మనిషి వేగంగా నడిస్తే ఎంతో అంత స్పీడు. మొదటి గేరు, ఎడంకాలు క్లచ్చి మీద, ఆరున్నర గంటలు. వేల మందిలో బావ ఎక్కడున్నాడో నాకు కనపడలేదు. అక్క నా వెనక మొదటి సీట్లో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, అద్దంలోంచి రోడ్డుని గుచ్చి గుచ్చి చూస్తోంది.

పది కిలోమీటర్ల దగ్గర నలుగురు ఎక్కారు. బావ లేడు. బోర్డు దగ్గర జెండా పట్టుకున్న ఆవిడని అక్క అడిగింది, నీలం టోపీ పెద్దాయన వెళ్ళారా అని.

"ఆయనా? ఆరు నిమిషాలైందండీ. ఇక్కడ ఆగి, గడియారం చూసుకుని, వెనక్కి తిరిగి చూసి మరీ వెళ్ళారు. ఎవరికోసమో అనుకున్నాను."

అక్క నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. ఆ పొద్దున మేం నవ్వింది అప్పుడొక్కసారే.

సగం దూరానికి తొమ్మిది నిమిషాల ముందున్నాడు. ముప్పై దగ్గర ఏడు. ఎండ ముదిరింది. బస్సులో పదిహేడు మంది అయ్యారు. కొందరు నిద్రపోతున్నారు, కొందరు కాళ్ళు పిసుక్కుంటున్నారు, ఒకతను కిటికీకి తల ఆనించి నిశ్శబ్దంగా ఏడుస్తున్నాడు. నర్సు అందరికీ ఉప్పు నీళ్ళు ఇస్తోంది. ముప్పై దాటాక రోడ్డు రైలు పట్టాల వెంబడి తిన్నగా పోతుంది. అక్కడ మొదటిసారి చూశాను ఆయన్ని. దూరంగా నీలం టోపీ, కుడి భుజం కొంచెం దించి పరిగెత్తడం. స్టీరింగు దగ్గర కూర్చున్నా ఆ భుజం అలాగే దిగి ఉండేది.

పదీ ఇరవైకి నీలం టోపీ ముప్పై ఐదో బోర్డు దగ్గర ఆగింది. ఎప్పటిలాగే ఆగాడులే అనుకున్నాను. అరనిమిషం అయింది. కదల్లేదు. నిమిషం అయింది. బస్సు దగ్గరవుతోంది. ఆయన ఎడం చెయ్యి బోర్డు స్తంభం మీద ఉంది. కుడి చెయ్యి మొహం ముందుకి ఎత్తి గడియారం చూస్తున్నాడు. రెండు నిమిషాలు. పక్కనుంచి ముగ్గురు దాటిపోయారు. ఆయన అలాగే ఉన్నాడు.

"ఏమైందిరా?" అక్క లేచి నిలబడింది.

నాకప్పుడు అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది. "టైముకి నాలుగు నిమిషాలు ముందొచ్చాడక్కా. ఇది టైము స్టాపు అనుకుంటున్నాడు. నిమిషం వచ్చేదాకా కదలడు."

"పిచ్చా ఈ మనిషికి?"

"అలసిపోతే బుర్ర పనిచెయ్యదు, అలవాటు పనిచేస్తుంది."

హారన్ మోగించాను. తిరిగి చూడలేదు. ఇంకోసారి గట్టిగా మోగించాను. ముందుగా వచ్చిన నాలుగు నిమిషాలు ఆయన చేతి కష్టం, ముప్పై ఐదు కిలోమీటర్లు చెమటోడ్చి కూడబెట్టినవి. వాటిని నిలబడి నీళ్ళపాలు చేస్తున్నాడు. ఏం మనిషివి బావా, ఇక్కడ నీకోసం ఎవరు నిలబడ్డారని ఆగావు అని నోటికొచ్చినట్టు తిట్టాను, అక్క ఉందని కూడా చూడకుండా. బస్సు ఇంకో ముప్పై అడుగులుందనగా ఆయన చెయ్యి దించాడు. స్తంభం వదిలాడు. రెండడుగులు వంకరగా వేసి, తర్వాత తిన్నగా కదిలాడు.

కానీ ఆ కాళ్ళు పట్టేశాయి. అంతసేపు పరిగెత్తిన కాలిని అలా నిలబెడితే కొయ్యబారిపోతుంది. నడిచాడు, కుంటాడు, నాలుగు గజాలు పరిగెత్తాడు, మళ్ళీ నడిచాడు. అక్కడినుంచి నా బస్సు ముందు ఎప్పుడూ వంద గజాలకి మించి లేడు. ఒక్కోసారి ముప్పై. నేను బ్రేకు తొక్కకూడదు, ఆక్సిలరేటరు తొక్కకూడదు. కార్డు ప్రకారం పోవాలి. నా బావ వీపుని చూస్తూ, ఆ వీపు వెంటబడి తరుముతున్నట్టు ఐదు కిలోమీటర్లు నడిపాను. ఇరవై ఏళ్ళలో అంత కష్టమైన డ్యూటీ చెయ్యలేదు.

నలభయ్యో బోర్డు ఇంకో యాభై గజాలుందనగా బావ కుడి పిక్క పట్టుకుని రోడ్డు మధ్యలో కూలబడ్డాడు. బస్సు ఆపాను. తలుపు తెరిస్తే నర్సు గబగబా దిగింది. నాడి చూసింది, కళ్ళలోకి చూసింది, ఏ రోజో ఏ నెలో అడిగింది. ఆయన సరిగ్గానే చెప్పాడు. ఆవిడ పిక్క నొక్కుతూ మావైపు తిరిగి, "కండరం పట్టేసింది, అంతే. వెళ్తానంటే వెళ్ళొచ్చు, మానేస్తే మరీ మంచిది," అంది.

అక్క మెట్ల మీదికి వచ్చింది. "చాలండీ," అంది. ఆ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. "చాలా దూరం వచ్చారు. లేచి రండి."

ఆయన అక్కని చూడలేదు. డ్రైవరు కిటికీ వైపు తలెత్తాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి నా వెనక గోడని కాకుండా నన్ను చూశాడు.

"టైమెంతరా?"

ఆయన చేతికి గడియారం ఉంది. అయినా నన్ను అడిగాడు. అక్క చటుక్కున వెనక్కి తిరిగింది. నా సీటు దగ్గరికి వంగి, ఆయనకి వినపడకుండా, "అయిపోయిందని చెప్పు. నీకు దణ్ణం పెడతానురా. ఒక్క మాట చెప్పు, చాలు," అంది.

ఒక్క మాటే. ఆ మాట అంటే అక్క ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, బావ స్టీరింగు జోలికి పోడు, నాకు వంతెన గుర్తురాదు. అబద్ధమని ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

"పదకొండూ ఎనిమిది, నలభై సెకన్లు," అన్నాను.

"బోర్డు టైము?"

"పదకొండూ పది."

"అయితే ఉంది," అన్నాడు. నర్సు భుజం పట్టుకుని లేచాడు.

అక్క సీట్లో కూలబడింది. "చెప్పకపోతే నీ సొమ్మేం పోయేదిరా," అంది. "ఆ రోజు రాయొద్దంటే రాశావు, ఈ రోజు చెప్పమంటే చెప్పలేదు. నువ్వసలు ఎవరి పక్షం?" నర్సు ఎక్కాక నేను గేరు వేశాను.

కాలు ఈడ్చుకుంటూ బోర్డు దాటాడు. పది సెకన్లు మిగిలాయి. ఈసారి ఆగలేదు, గడియారం చూసుకోలేదు.

మిగిలిన రెండు కిలోమీటర్ల చిల్లర నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. బస్సులో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి ముందుకి వచ్చి అద్దం దగ్గర నిలబడ్డారు. ఏడ్చినతను ఇప్పుడు గట్టిగా అడుగులు లెక్కపెడుతున్నాడు. అక్క సంచీ తాడుని వేలికి చుట్టి చుట్టి వేలు ఎర్రబడిపోయింది. "పరిగెత్తండి," అని గొణుగుతోంది, ఎవరిని ఎటు లాగుతోందో మర్చిపోయి. చివరి గీత కనిపించేసరికి పదకొండూ ఇరవై తొమ్మిది. గీత ముందు ఆగి గడియారం చూసుకుంటాడేమోనని హారన్ మీద చెయ్యి పెట్టాను. ఆగలేదు. నలభై సెకన్లు ముందు దాటాడు. బస్సంతా చప్పట్లు. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

ఎక్కినవాళ్ళందరూ దిగిపోయాక, నర్సు చెయ్యి పట్టుకుని బావ బస్సెక్కాడు. ఇప్పుడు ఎక్కితే తప్పులేదు కదా. ఆవిడ ఉప్పు నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టి తన గుడారం వైపు వెళ్ళింది. మెళ్ళో పతకం, మోకాళ్ళదాకా మట్టి, పెదాల మీద తెల్లటి ఉప్పు. అక్క పక్క సీట్లో కూర్చుని సీసాడు నీళ్ళూ గటగటా తాగాడు. అక్క ఆయన మొహం కొంగుతో తుడిచింది. తర్వాత సంచీలోంచి ఆ ఫారం తీసింది. వెంట తెచ్చుకుంటుందని నేననుకోలేదు.

"మాటంటే మాటే," అంది. సంచీ మీద కాగితం పరిచి, తన గడిలో సంతకం పెట్టింది. కాగితమూ పెన్నూ ఆయన ఒళ్ళో పెట్టింది.

బావ ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు. పెన్ను తీసుకోలేదు.

"ముప్పై ఐదు దగ్గర నేనెందుకు ఆగాననుకున్నావురా?" అన్నాడు నాతో.

"టైముకి ముందొచ్చావని."

"ఎవరైనా అలాగే అనుకుంటారు. మంచి పేరు తెచ్చుకున్నాను కదా." నవ్వబోయి మానేశాడు. "నేను ఎప్పట్లాగే ఆగానురా. గడియారం చూస్తున్నాను. ముందు చప్పుడు పోయింది. తర్వాత ఎడం పక్కంతా చీకటి. ఆ రోజు డిపోలో కూడా ఇలాగే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు."

అక్క చెయ్యి ఆయన మోచేతి మీద ఆగిపోయింది.

"అంత దూరం పరిగెత్తితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయండీ," అంది. సంతకం పెట్టనన్న మనిషే ఆ మాట అంటోంది.

"కళ్ళు తిరగడం నాకు తెలుసు. ఇది వేరు." చేతిగడియారం మీద వేలు పెట్టాడు. "ఇరవై ఒకటి చూశాను. ఆ తర్వాత చూసింది ఇరవై మూడు. మధ్యలో ఇరవై రెండు లేదు. నిలబడే ఉన్నాను, స్తంభం పట్టుకునే ఉన్నాను. వీడు హారన్ కొట్టాడట, నర్సమ్మ చెప్పింది. నాకు వినపళ్ళేదు." ఖాళీ సీసాకి మూత బిగించాడు. "రోడ్డు మీద పడితే నేనొక్కణ్ణే పడతాను. ఆ బస్సులో అరవై మంది నా గడియారాన్ని నమ్ముకుని కూర్చుంటారు."

బయట నిర్వాహకులు బోర్డులు విప్పుతున్నారు. అక్క తల ఆయన భుజానికి ఆనించి, శబ్దం రాకుండా ఏడ్చింది. ఆవిడ కోరుకున్నదే జరిగింది, అయినా ఏడ్చింది. నేను అద్దంలో చూడకుండా ఉండాలని ప్రయత్నించాను, చేతకాలేదు.

బావ పెన్ను తీసుకున్నాడు. మళ్ళీ జరిగిందా అన్న గడిలో, 'జరిగింది' అని రాశాడు. తేదీ వేశాడు. టైము దగ్గర పెన్ను ఆపాడు. కాగితాన్ని డ్రైవరు సీటు మీదుగా నా చేతికిచ్చాడు.

"టైము నువ్వు రాయి. చూసినవాడివి నువ్వేగా. రాసే అలవాటూ నీకే ఉంది," అన్నాడు. ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే నాకు తెలిసేది.

స్టీరింగు మీద పెట్టుకుని, ఉదయం పదీ ఇరవై అని రాశాను. ఆయన ముందుకి వంగి చూశాడు.

"ఇరవైకి వచ్చాను," అన్నాడు. "పోయింది ఇరవై ఒకటికి. సరిగ్గా రాయరా."

కొట్టేసి, ఇరవై ఒకటి అని రాశాను.